సబ్బు తగలని టీపాట్

పంతొమ్మిదేళ్ళు ఆ మట్టి టీపాట్‌కు ఒక్క చుక్క సబ్బు తగలనివ్వలేదు నేను. అది నా సొంతమైన రోజు మాత్రం ఇంటికి తెచ్చి, గిన్నెలు తోమే సబ్బు దట్టంగా పట్టించి, స్టీలు పీచుతో బరబరా తోమాను. లోపలా బయటా, మూతా, ముక్కూ, ఏదీ వదల్లేదు. నురగ గోధుమరంగులో వచ్చింది. అది సింకులోంచి జారిపోతుంటే హాయిగా అనిపించింది. ఆ హాయి ఎన్నాళ్ళు నిలిచిందో తర్వాత చెబుతాను. ముందు ఆ టీపాట్ నా నెత్తిన ఎలా పడిందో చెప్పాలి.

నాచారంలో ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థలో నేను టెక్నీషియన్‌ని. ఫ్యాక్టరీల చుట్టుపక్కల బోర్ల నీళ్ళూ, మట్టిలో ఇంకిన నీళ్ళూ తెచ్చి వాటిలో ఏమేం కలిసిందో చూడటం మా ల్యాబ్ పని. చర్లపల్లి ఎండలో తిరిగి నీళ్ళు పట్టుకొచ్చేది నేను. మిషన్ నడిపేది నేను. అంకెలు నోటుబుక్కులో ఎక్కించేది నేను. ఆ అంకెలకు అర్థం చెప్పేది మా సైంటిస్టు గారు. అందరం ఆయన్ని సార్ అనేవాళ్ళం. బెజవాడ వైపు మనిషి. కోపం వచ్చినా మెత్తగా మాట్లాడతారు. గట్టిగా అరిచే మనిషైతే మనమూ నాలుగు మాటలు అనొచ్చు. మెత్తగా మాట్లాడేవాళ్ళను ఏమీ అనలేం, అనుభవించాలి.

సార్ ఒకసారి ఏదో దేశంలో సదస్సుకు వెళ్ళొస్తూ ఈ టీపాట్ తెచ్చారు. రెండు గుప్పిళ్ళలో ఇమిడేంత చిన్నది. ఇటుకరంగు మట్టి, పైన మెరుపు పూత ఉండదు. ఆయనకు షుగర్ కొత్తగా బయటపడింది, డాక్టర్ పాల టీ మానమన్నాడు. ఇక నుంచి గ్రీన్ టీయే, అదీ ఇందులోనే అన్నారు. ల్యాబ్‌లో మేం ఆరుగురం ఉన్నాం. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. టీపాట్ నేరుగా నా చేతికే వచ్చింది.

"నువ్వైతే జాగ్రత్తగా చూస్తావమ్మా. వీళ్ళ చేతికిస్తే పగలగొడతారు. కొత్త మట్టి పాత్ర కదా, వాడే ముందు తయారు చెయ్యాలి. తెలుసుగా?"

"తెల్సు సార్" అన్నాను. నిజంగానే తెలుసనుకున్నాను.

మా అమ్మ కొత్త కుండ కొన్నదంటే మూడు రోజులు దాన్ని పొయ్యి ఎక్కించేది కాదు. బియ్యం కడిగిన నీళ్ళు పోసి నానబెట్టేది. తర్వాత గంజి కాచేది. ఎండలో ఆరబెట్టి, లోపలా బయటా నువ్వుల నూనె రుద్ది, సన్నని సెగ మీద తిప్పేది. అప్పుడుగానీ అందులో చేపల పులుసు పడేది కాదు. "కుండకు మన కూర అలవాటు చెయ్యాలె బిడ్డా, లేకుంటె మట్టి వాసనొస్తది" అనేది. సార్ ఆ వారం ఢిల్లీ వెళ్ళారు. నేను టీపాట్ ఇంటికి పట్టుకెళ్ళి, అమ్మ చేసినట్టే అన్నీ చేశాను. నువ్వుల నూనె మంచిది కొన్నాను. మూత అంచులకు కూడా వేలితో రుద్దాను. టీపాట్ నిగనిగలాడుతూ ఉంటే మురిసిపోయాను కూడా.

సార్ వచ్చిన రోజే బయటి నుంచి ఇద్దరు పెద్ద సైంటిస్టులు వచ్చారు. వాళ్ళ ముందే ఆయన టీ పోశారు. కప్పుల్లో పల్చటి నూనె తెట్టు తేలింది. ఒకాయన వాసన చూసి కప్పు కింద పెట్టేశాడు. ఏం చేశావని సార్ అడిగితే, మా అమ్మ పులుసు కుండకు రాసినట్టే నువ్వుల నూనె రాశానన్నాను. సార్ మెత్తగా నవ్వారు.

"ఇది చేపల పులుసు కుండ కాదమ్మా."

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత రెండేళ్ళు మా ల్యాబ్‌లో ఏం చెడిపోయినా, మిషన్ ఆగినా, ట్యూబు పగిలినా, ఎవడో ఒకడు "నువ్వుల నూనె రాసినవా అక్కా?" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఉడుక్కున్నావంటారు కదా.

టీపాట్ ఎలా చూసుకోవాలో సార్ అప్పుడు చెప్పారు. మామూలు నీళ్ళలో ముంచి సన్నటి సెగ మీద గంటసేపు ఉంచాలి. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి, గ్రీన్ టీ ఆకు వేసి ఇంకో గంట ఉంచాలి. అందులోనే చల్లారనివ్వాలి. మూత తీసి నీడలో ఆరబెట్టాలి. పూత లేని మట్టి కాబట్టి ఏది తగిలినా తాగేస్తుంది. అందుకే సబ్బు తగలకూడదు, ఇంకో రకం టీ కాయకూడదు. కొత్తదానికి ఒకసారి చేస్తే చాలట. నా నూనె వదలడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. రోజూ ముందు వేడినీళ్ళతో ఉడకబెట్టడం, ఎండబెట్టడం, వాసన చూడటం. నూనె వదిలాక ఆకుతో మొదలుపెట్టడం. ఏ రోజు ఏం చేశానో, వాసన ఎంత తగ్గిందో నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను. ఏం చేసినా రాయడం అప్పటికే అలవాటైపోయింది.

ఇరవై ఐదో రోజు సార్ తాగి "ఇప్పుడు కుదిరింది" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి అది నా పని అయింది. పొద్దున పదకొండుకు ఒకసారి, మూడున్నరకు ఒకసారి. నీళ్ళు మసలకముందే దించాలి, మసిలిన నీళ్ళు పోస్తే ఆకు చేదెక్కుతుంది. అయ్యాక ఆకు దులిపి, ఉత్త వేడినీళ్ళతో కడిగి, బోర్లించకుండా మూత తీసి పెట్టాలి. ఎప్పుడైనా టీ తేడాగా ఉంటే సార్ పిలిచేవారు. "పాట్‌లో ఏ చిన్న తేడా ఉన్నా నా నాలుక పట్టేస్తుందమ్మా." ఆ మాటకు నేను భయపడేదాన్ని. దేవుడికి భయపడినట్టు భయపడేదాన్ని అంటే మా పాస్టరు గారు ఒప్పుకోరు గానీ, నిజం అదే.

ఆ టీపాట్ వల్ల నాకు ఒక మేలు జరిగింది. జరిగినట్టే జరిగి పోయింది అనాలి.

మట్టిలో ఇంకిన నీళ్ళు పట్టడానికి మేం చిన్న మట్టి గొట్టాలు పాతేవాళ్ళం. బొటనవేలంత ఉంటాయి, అవీ పూత లేనివే. లోపల గాలి లాగితే చుట్టూ మట్టిలో ఉన్న నీళ్ళు గొట్టం గోడలోంచి ఊరి లోపలికి వస్తాయి. ఆ నీళ్ళలో మాకు ఏడాదిగా అంకెలు కుదరడం లేదు. ఒకే చోట ఒక గొట్టం ఒకటి చెబుతుంది, పక్కనే ఇంకోటి మరోటి చెబుతుంది. సార్ మిషన్‌ను అనుమానించారు, తర్వాత నన్ను అనుమానించారు. ఒక మధ్యాహ్నం టీపాట్ కడుగుతూ ఉంటే నా మనసులో ఏదో తట్టింది. గొట్టాలు తిరిగొచ్చాక మా అటెండరు వాటిని సబ్బునీళ్ళలో నానబెట్టి కడుగుతాడు. ఏ గొట్టం ఎక్కడిదో చూడకుండా అన్నీ కలిపేస్తాడు. ఇదీ మట్టే కదా. నూనె తాగినట్టు సబ్బు తాగదా? నిన్నటి చోటు నీళ్ళు తాగి ఇవాళ్టి చోట కక్కదా?

ఎవరికీ చెప్పకుండా పన్నెండు గొట్టాలు పక్కకు తీశాను. సబ్బు మాన్పించాను. వేడినీళ్ళలో రోజూ ఉడకబెట్టాను. ఏ చోటు గొట్టానికి ఆ చోటు నీళ్ళే పది రోజులు పెట్టి అలవాటు చేశాను. ఆ తర్వాత చూస్తే ఏ చోటికి ఆ చోటి గొట్టాలన్నీ ఒకే మాట చెప్పాయి. నోటుబుక్కు తీసుకుని సార్ గదిలోకి వెళ్ళాను. ఆయన పేజీలు తిప్పి, మళ్ళీ మొదటి నుంచి చూశారు.

"ఎలా తట్టింది నీకిది?"

"మీ టీపాట్ కడుగుతుంటె తట్టింది సార్."

ఆయన లేచి నిలబడ్డారు. నా కోసం ఆయన లేచి నిలబడటం అదే మొదటిసారి, ఆఖరిసారి కూడా. "ఇది జర్నల్లో పేపర్ అవుతుందమ్మా. నీ పేరు పెడతాను" అన్నారు.

ఆ మాట నాకెంత అవసరమో ఆయనకు తెలుసు. టెక్నీషియన్ నుంచి టెక్నికల్ ఆఫీసర్ కావాలంటే ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడ మొట్టమొదట అడిగేది, నీ పేరుతో పేపర్ ఏదైనా వచ్చిందా అని. అప్పటికే ఒకసారి వట్టి చేతులతో వెళ్ళి తిరిగొచ్చాను. ఈసారి వస్తే నా గదికి తలుపు ఉంటుంది, నా సంతకానికి విలువ ఉంటుంది. ఇక ఎవడూ నువ్వుల నూనె అనడు. ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. "మస్తుగున్నది. పేపర్ల నీ పేరు వస్తె ఫ్రేం కట్టిపిస్త" అన్నాడు.

ఎనిమిది నెలలకు పేపర్ వచ్చింది. పైన నాలుగు పేర్లున్నాయి. సార్‌ది, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే ఇద్దరివి, ఎన్నడూ మా ల్యాబ్ గడప తొక్కని డైరెక్టరుగారిది. నాది లేదు. పేజీలన్నీ తిప్పాను. చిట్టచివర, చిన్న అక్షరాల్లో, మిషన్లు ఇచ్చినవాళ్ళకూ డబ్బు ఇచ్చినవాళ్ళకూ కృతజ్ఞతలు చెప్పిన చోట, సాంకేతిక సహాయం చేసినందుకు నాకు కూడా ఒక ముక్క ఉంది. లోపలంతా నా నోటుబుక్కే ఉంది. పది రోజుల లెక్క నాదే, పన్నెండు గొట్టాలూ నావే.

వెళ్ళి అడిగాను. అడగకుండా ఉండాల్సింది అని కొన్నాళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

"నాలుగు పేర్ల కంటే ఎక్కువైతే బాగుండదన్నారమ్మా. వచ్చేదాంట్లో తప్పకుండా పెడతాను. టీ అయిందా?"

టైము మూడున్నర అయింది. వెళ్ళి టీ పెట్టాను. ఆ రోజు నీళ్ళు మసలనిచ్చి పోయాలనిపించింది. పోయలేదు. సరిగ్గా దించి, సరిగ్గా పోశాను. నా మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చేది దీనికే.

ఆ కృతజ్ఞతల ముక్క కింద పెన్సిల్‌తో గీత గీసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళాను. బోర్డులో ఒకాయన అది చూసి పక్కనాయనకు చూపించాడు. "థాంక్స్ చెప్పినోళ్ళందరూ సైంటిస్టులైతే మా డ్రైవర్‌ని కూడా పిలవాలి సార్" అన్నాడు. గదంతా నవ్వింది. ఆ ఏడు నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడికి వచ్చింది ఆ పోస్టు. మూడోసారి నేను దరఖాస్తు పెట్టలేదు. వచ్చేదాంట్లో పెడతానన్న పేపర్లు పదకొండు వచ్చాయి. పేర్ల దగ్గర చూడటం నాలుగోదాంతో మానేశాను.

టీ మాత్రం మానలేదు. ఎందుకు మానలేదని మా ఆయన చాలాసార్లు అడిగాడు. "నౌకరీల టీ కాసుడు గూడ రాసి ఉన్నదా? నాతోని కాదని చెప్పు" అనేవాడు. ఆ టీపాట్ ఒక్కటే ఆ భవనంలో నేను చేసిన పని చేసినట్టు కనిపించే వస్తువు. ఏళ్ళు గడిచేకొద్దీ లోపల నల్లబడి, బయట పట్టులాగా నున్నగా అయింది. ఉత్త వేడినీళ్ళు పోసినా టీ వాసన వచ్చేది. అదంతా నా చేతి పని. వచ్చిన ప్రతివాళ్ళకూ సార్ దాన్ని చూపించి, "ఎన్నేళ్ళుగా కాపాడుకొస్తున్నానో చూడండి" అనేవారు. నేను ట్రే పట్టుకుని పక్కనే ఉండేదాన్ని.

పోయిన ఎండాకాలం సార్ రిటైరయ్యారు. పెద్ద హాల్లో సభ పెట్టారు, శాలువాలు కప్పారు. ఆయన మైకులో అందరినీ పేరుపేరునా తలుచుకున్నారు. ఆఖరికి నన్ను పైకి పిలిచారు. నా గుండె కొట్టుకుంది. సిగ్గులేని గుండె, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆశ పడింది. ఆ పన్నెండు గొట్టాల సంగతి ఇప్పుడైనా నలుగురిలో చెబుతారనుకున్నాను.

"ఈ సంస్థలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయేది ఈవిడ పెట్టిన టీ" అన్నారు సార్. డబ్బాలోంచి టీపాట్ తీసి నా చేతుల్లో పెట్టారు. "ఇక ఇది నీదేనమ్మా." చప్పట్లు మోగాయి. ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను నవ్వుతూ ఉన్నాను.

దాన్ని చున్నీలో చుట్టుకుని ఉప్పల్ రింగు రోడ్డు దాకా బస్సులో, అక్కణ్ణుంచి చెంగిచెర్లకు షేర్ ఆటోలో వచ్చాను. మా ఆయన చూసి, "ఏందే గిది? గిన్నేండ్ల కష్టానికి గీ బుడ్డిదా?" అన్నాడు. చెప్పులు విప్పి నేరుగా సింకు దగ్గరికి వెళ్ళాను. అప్పుడు తోమాను సబ్బుతో. మొదట్లో చెప్పాను కదా.

ఆ హాయి తొమ్మిది రోజులు ఉంది. పదో రోజు ఆదివారం. మేం చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్ మోగింది. సార్. బోడుప్పల్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వచ్చారట, అరగంటలో మా ఇంటికి వస్తారట. "ఆ పాట్‌లో ఒక టీ తాగి పోతానమ్మా. నాలుక చచ్చిపోయింది ఇన్నాళ్ళూ."

రిటైరైన మనిషి, నన్నేం చేస్తారు? అయినా పరుగున వెళ్ళి అల్మారా మీద నుంచి టీపాట్ దించి వాసన చూశాను. నిమ్మకాయ సబ్బు వాసన గుప్పుమంది. పంతొమ్మిదేళ్ళ నలుపు పోయి లోపల మచ్చలు మచ్చలుగా ఉంది. రెండుసార్లు వేడినీళ్ళలో ఉడకబెట్టాను. ఇంట్లో ఉన్న ఆకు గుప్పెడు వేసి మరోసారి ఉడకబెట్టాను. వాసన పోలేదు. పోదని నాకన్నా ఎవరికి బాగా తెలుసు?

సార్ వచ్చి సోఫాలో కూర్చున్నారు. టీ పోసి ఇచ్చాను. దొరికిపోయాను, ఇప్పుడు మెత్తగా ఏదో అంటారు అనుకుంటూ నిలబడ్డాను. ఒకవేళ అడిగితే అన్నీ అనేయాలనుకున్నాను. పేపరూ, గొట్టాలూ, డ్రైవరూ, మైకూ అన్నీ. మాటలు నోట్లోకి వచ్చేశాయి.

సార్ ఒక గుటక వేసి కళ్ళు మూసుకున్నారు.

"అదే రుచి" అన్నారు. "చూశావా, ఎక్కడికెళ్ళినా ఇది మాత్రం మారదు."

రెండో కప్పు కూడా అడిగి తాగారు.

నేను వంటింట్లోకి వెళ్ళి మిగిలిన గుటక నోట్లో పోసుకున్నాను. సబ్బు. నాలుక మీద జిగురుగా, చేదుగా, అచ్చంగా సబ్బు. సింకులో ఉమ్మేసి కొళాయి పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళు ఏ నాలుకకు భయపడ్డానో ఆ నాలుకకు ఏమీ తెలియదు. నూనె తెట్టు కళ్ళకు కనబడింది కాబట్టి తెలిసింది, అంతే. నేను సరిగ్గా చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే. టీ సంగతీ అంతే, పని సంగతీ అంతే.

వెళ్ళబోతూ చెప్పులేసుకుంటూ సార్ అన్నారు. "మా రిటైరైనవాళ్ళ సంఘం ఒక చిన్న పుస్తకం వేస్తోందమ్మా. నా టీపాట్ గురించి రాస్తున్నాను. కొత్త పాట్‌ని ఎలా తయారు చెయ్యాలో, ఎలా కడగాలో నాలుగు ముక్కలు రాసి వాట్సాప్‌లో పెట్టు. నాకు సరిగ్గా గుర్తులేదు. ఈసారి తప్పకుండా నీ పేరు వేస్తాను."

ఈసారి అన్నారు. అంటే, పోయినసారి వేయలేదని గుర్తుంది.

భోజనాలయ్యాక ఫోన్ తీసుకుని కూర్చున్నాను. "ముందుగా సబ్బుతో బాగా తోమవలెను" అని రాశాను. చదువుకుంటే నవ్వొచ్చింది. ఆ తర్వాత చెరిపేశాను. ముప్ఫై ఏళ్ళలో ఏ పుస్తకంలోనూ తప్పు అంకె ఎక్కించలేదు, ఈయన కోసం ఎందుకు ఎక్కిస్తాను? పాత నోటుబుక్కు తీసి వెనక పేజీలు చూసుకుంటూ అన్నీ సరిగ్గా రాశాను. ఉత్త నీళ్ళలో గంట, ఆకుతో గంట, అందులోనే చల్లారనివ్వడం, నీడలో ఆరబెట్టడం, సబ్బు తగలనివ్వకపోవడం. ఎవరైనా పొరపాటున నూనె రాస్తే అది వదలడానికి ఇరవై నాలుగు రోజులు పడుతుందని కూడా రాశాను.

కింద పేరు వేయాల్సిన చోట నా పేరు రాయలేదు. "సాంకేతిక సహాయం" అని రాసి పంపాను.

రెండు నిమిషాల్లో సార్ దగ్గర్నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. దాని కింద ఒక ముక్క ఉంది. "బాగుందమ్మా, ఇలాగే వేసేస్తాను."